భీమునిపట్నం: కుట్టు పడవలు నిలిపిన రేవు

అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా దిగివచ్చే గోస్తనీ నది బంగాళాఖాతంలో కలిసే చోట, విశాఖపట్నానికి ఈశాన్యంగా ఉన్న భీమునిపట్నం, అంటే జనవ్యవహారంలోని భీమిలి, చరిత్ర గ్రంథాలలో ప్రధానంగా డచ్చివారి స్థావరంగానే కనిపిస్తుంది. 17వ శతాబ్ది మధ్యకాలంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకశాలను నెలకొల్పి, పరిసర గ్రామాల సాలెవారు నేసిన బట్టను కొని ఓడలకెక్కించిందనీ, 1824 నాటి ఒప్పందాన్ని అనుసరించి మరుసటి ఏడు ఊరు ఆంగ్లేయుల వశమైందనీ చెప్పి ఆ గ్రంథాలు ముందుకు సాగిపోతాయి. ఆ బేళ్లు ఒడ్డు నుంచి ఓడ దాకా ఎలా చేరేవన్న విషయం జాలరిపేటల జోలికి పోనిదే తెలియదు.

ఈ తీరంలో ఓడ ఒదిగి నిలిచేందుకు సహజమైన ఆశ్రయం లేదు. నదీముఖమేమో ఇసుక మేటలతో పూడుతూ ఉంటుంది. అందువల్ల పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా లోతు నీటిలో లంగరు వేసుకొని ఉండగా, సరుకంతా వరుసగా విరిగే కెరటాలను దాటుకొని చిన్న పడవల మీద వెళ్లవలసి వచ్చేది. మేకులు కొట్టి బిగించిన ఐరోపా పడవ ఆ కెరటాల తాకిడికి ఇసుకలో గుద్దుకొని పగిలిపోయేది. ఇక్కడివారి మసూలా పడవకు మాత్రం మేకు గాని, లోపల ఆకారాన్ని బిగించి ఉంచే అడ్డుబద్దలు గాని ఉండవు. పలకల అంచుల వెంట రంధ్రాలు చేసి, అతుకుల మీద ఎండుగడ్డి పేర్చి, కొబ్బరిపీచు తాడుతో కుట్టడం వల్ల, దెబ్బ తగిలినప్పుడల్లా పడవ మొత్తం కొంత వంగి మళ్లీ సర్దుకొనేది. కుట్ల సందుల నుంచి నీరు ఊరడం దాని సహజగుణం కాబట్టి, ఒక మనిషి ఆ నీటిని తోడిపోస్తూనే ఉండేవాడు. పొడవాటి కర్ర చివర పలక కట్టిన తెడ్లతో మిగిలినవారు పడవను నడిపేవారు. ఏ కెరటానికి ఆగాలో, ఏ రెండింటి నడుమ దూసుకుపోవాలో నిర్ణయించేవాడు వెనుక నిలిచి చుక్కాని తెడ్డు పట్టినవాడు. కంపెనీల సంపద ఇంత దుర్బలంగా కనిపించే సాధనం మీద ఆధారపడిందనడం అతిశయోక్తి కాదు.

ఈ విద్య వర్తకం కోసం పుట్టినది కాదు. జాలారులు, వాడబలిజలు తరతరాలుగా చేపల వేటలో నేర్చిన నేర్పే రేవుకు అక్కరకు వచ్చింది. తేలిక దుంగలను పక్కపక్కన చేర్చి తాళ్లతో కట్టిన తెప్పపై ఇద్దరు ముగ్గురు సముద్రంలోకి వెళ్తే, పెద్దవలను పడవ మీద తీసుకుపోయి అర్ధచంద్రాకారంగా దింపి, రెండు కొసల తాళ్లనూ ఒడ్డున రెండు జట్లు లాగేవారు. పడిన కవళ్లు, నెత్తళ్లు మొదలైన వాటిలో వలకు, పడవకు, మనుషులకు వేర్వేరు పాళ్లు ఉండేవి. పచ్చిచేప అమ్మకం, మిగిలినదాన్ని ఇసుక మీద ఎండబెట్టడం ఎక్కువగా స్త్రీల పని. వేట లేని రోజుల్లో ఇల్లు గడిచింది ఆ ఎండుచేపల మీదనే.

ఆంగ్లేయుల పాలనలో ఊరు మరికొంత వెలిగింది. 1861లో పురపాలక సంఘం ఏర్పడింది; నువ్వులు, కరక్కాయలు, గోగునార ఇక్కడి నుంచి ఎగుమతి అయ్యేవి. గోంగూర జాతి మొక్క నుంచి తీసే ఆ నార ప్రపంచ విపణిలో ఈ ఊరి పేరుతోనే చలామణి కావడం కంటే మంచి ప్రచారం ఏ రేవుకు దక్కుతుంది? అయితే 1890లలో వేసిన తూర్పుతీర రైలుమార్గం భీమిలిని తాకకుండా విజయనగరం మీదుగా సాగిపోయింది. 1933లో విశాఖపట్నం ఓడరేవు ప్రారంభమై ఓడలు నేరుగా గట్టుకు ఆనుకొని నిలువసాగాక, కెరటాలు దాటించే పడవల అవసరమే తీరిపోయింది.

వర్తకులు తరలిపోయినా జాలారులు కదలలేదు. వారి బతుకు ఓడల మీద కాక చేపల మీద నిలిచినది. కాలక్రమంలో నూలు వలల స్థానంలో నైలాన్ వలలు, దుంగ తెప్పల స్థానంలో ఇంజను బిగించిన ఫైబర్ పడవలు వచ్చాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పుతీరమంతటా అమలయ్యే వేట నిషేధంలో ఆ పడవలు ఇసుక మీదికి చేరితే, వలల మరమ్మతు మొదలవుతుంది.