చిన్న వ్యాపార వెబ్‌సైట్ - వ్యయ ప్రణాళిక

దళారుల ప్రమేయం లేకుండా కొనుగోలుదారును నేరుగా చేరుకొనేందుకు చేనేత, హస్తకళల ఉత్పత్తిదారులకు వెబ్‌సైట్ ఉపయుక్తమైన సాధనం. అయితే తయారీ ఖర్చును మాత్రమే లెక్కించి, ఏటేటా అయ్యే నిర్వహణ వ్యయాన్ని విస్మరించిన పక్షంలో అది రెండవ సంవత్సరంలోనే మూతపడే ప్రమాదం ఉంది.

పోచంపల్లి ఇక్కత్ చీరలు విక్రయించే ఒక చిన్న సంస్థ ఇందుకు 60,000 రూపాయలు కేటాయించిందనుకుందాం. తయారీదారు 35,000 రూపాయలు కోరితే, 18 శాతం జీఎస్టీతో అది 41,300 రూపాయలవుతుంది. డొమైన్ నమోదు, హోస్టింగ్, ఫోటోలు, తొలి ఏడాది నిర్వహణ మిగిలిన 18,700 రూపాయలలోనే జరగవలసి ఉంటుంది.

ఈ పద్దులలో సాధారణంగా తక్కువగా అంచనా వేసేది ఫోటోల ఖర్చునే. ఇక్కత్‌లో నూలుకు ముందుగా ముడులు కట్టి రంగులద్ది, ఆ పిమ్మట నేస్తారు. అటువంటి చీరను దుకాణంలోని ట్యూబులైటు వెలుతురులో ఫోటో తీస్తే అసలు రంగు కనిపించదు. రంగు వేరుగా ఉందని కొనుగోలుదారు తిప్పి పంపితే రానుపోను కొరియర్ ఖర్చు విక్రేతపైనే పడవచ్చు. ఒక్కొక్క డిజైనులో చీరలు కొద్దిగానే ఉంటాయి కనుక, అమ్ముడైన చీరను అదే రోజు వెబ్‌సైట్ నుంచి తొలగించాలి. ఈ పనికి ఒక మనిషి, అతనికి లేదా ఆమెకు వేతనం తప్పనిసరి.

కార్డు చెల్లింపులపై గేట్‌వే సంస్థలు కమీషన్ వసూలు చేస్తాయి. అది 2 శాతమైతే 5,000 రూపాయల చీరపై 100 రూపాయలు, దానిపై జీఎస్టీ 18 రూపాయలు. ధర నిర్ణయించే నాడే దీనిని కలుపుకోవాలి.

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 ప్రకారం సంస్థ పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు వెబ్‌సైట్‌లో ప్రదర్శించాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది డొమైన్ యాజమాన్యం. సౌలభ్యం కోసం తయారీదారు తన పేరిట నమోదు చేసుకుంటే, అతనితో విభేదం వచ్చిన నాడు సంస్థ తన చిరునామానే కోల్పోవచ్చు. అప్పటికే బిల్లులపైన, సంచులపైన అచ్చయిన పేరు నిరుపయోగమవుతుంది. గడువులోగా పునరుద్ధరించకపోయినా ఇదే నష్టం. డాట్ ఇన్ డొమైన్‌ను ఒకేసారి 10 సంవత్సరాల వరకు నమోదు చేసుకొనే వీలుంది. నమోదు సంస్థ పేరిట, సంస్థ ఈమెయిల్, ఫోన్ నంబరుతోనే జరగాలి.

నిధులు పరిమితమైతే తొలి ఏడాది చీరల ఫోటోలు, ధరలు, ఫోన్ నంబరుతో నాలుగైదు పేజీలు చాలు. ఆర్డర్లు పెరిగిన తరువాత ఆన్‌లైన్ చెల్లింపు సదుపాయం జోడించవచ్చు. మొదటి విడత సొమ్ము చెల్లించడానికి ముందే పాస్‌వర్డుల అప్పగింత, ఫోటోలు, సమాచారం ప్రతి, రెండవ ఏడాది నిర్వహణ రుసుము - ఈ విషయాలను ఒప్పందపత్రంలో రాయించుకోవాలి.