ఇంటివద్ద నిర్బంధ చికిత్స: ఒక మనోవైద్యుని పునరాలోచన

ఆసుపత్రి నుండి ఇంటికి చేరిన మానసిక రోగిని చికిత్స మానరాదని చట్టం శాసించవచ్చునా? ఇంగ్లండు, వేల్సులలో 2008 నవంబరు నుండి అట్టి విధానం అమలులో ఉన్నది. షరతు తప్పిన రోగిని వైద్యుడు తిరిగి ఆసుపత్రికి రప్పించవచ్చును.

దీనిని సమర్థించిన ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు టామ్ బర్న్స్ స్వయంగా పరీక్షకు పూనుకొన్నారు. ఆయన బృందం 336 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి ఈ నిర్బంధాన్ని, రెండవ వర్గానికి పాత పద్ధతిలో తాత్కాలిక సెలవును వర్తింపజేసింది. 2013లో వెలువడిన ఫలితమేమి? ఏడాదిలోపు తిరిగి ఆసుపత్రిలో చేరినవారు రెండింటిలోనూ 36 శాతమే!

బర్న్స్ తన అభిప్రాయాన్ని బహిరంగంగా మార్చుకొన్నారు. చట్టం మాత్రం కొనసాగింది.

మందు మానిన ఆప్తునిపై ఒత్తిడి తెచ్చే ముందు, ఎందుకు మానాడో ఓపికగా అడగండి. ఆ కారణాన్ని వైద్యునికి తెలియజేయండి.