బోరు మోటార్ కాలిపోయిందా? రీవైండింగ్ చేయించాలా, కొత్తది కొనాలా... ఎలా తేల్చుకోవాలి?

పొద్దున్నే స్విచ్ వేస్తే మోటార్ గుయ్‌మంటోంది కానీ ట్యాంకులోకి చుక్క నీరు ఎక్కడం లేదు. లేదంటే స్విచ్ వేయగానే ఎంసీబీ పడిపోతోంది. మెకానిక్ వచ్చి ‘వైండింగ్ పోయింది సార్, కొత్తది వేసుకోండి’ అంటాడు. పక్కింటివారు ‘రీవైండింగ్ చేయిస్తే సగం ఖర్చుతో అయిపోతుంది కదా’ అంటారు. ఇంట్లో నీళ్లు లేవు, పిల్లలు స్కూలుకు వెళ్లాలి. ఆ హడావుడిలో ముందు ఎవరి మాట వినబడితే అదే చేసేస్తాం.

ఇక్కడే డబ్బు పోతుంది. రిపేరు బిల్లునూ కొత్త మోటార్ ధరనూ పక్కపక్కన పెట్టి చూస్తే సరైన జవాబు రాదు. బోరులోంచి మోటార్‌ను పైకి తీసి మళ్లీ దించడానికి ప్రతిసారీ కూలీ కట్టాలి. అందుకే ‘ఈసారి పెట్టే ఖర్చుతో ఎన్నేళ్లు నడుస్తుంది?’ అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు ఎలా రాబట్టాలో చూద్దాం.

అసలు పాడైంది మోటారేనా?

నీళ్లు రాకపోతే మోటారే కాలిపోయిందని అనుకోనక్కర్లేదు. పైకి తీసే ముందే, పైనుంచి చేయగలిగిన పరీక్షలన్నీ చేయించండి.

• వోల్టేజీ: లో వోల్టేజీ ఉంటే మోటార్ గుయ్‌మంటుంది కానీ తిరగదు. త్రీఫేజ్ మోటార్ అయితే ఒక ఫేజ్ పోయినా ఇదే పరిస్థితి. ఇంట్లో మిగతా లైట్లు, ఫ్యాన్లు కూడా మందంగా ఉంటే ముందు 1912కు ఫోన్ చేసి కరెంటు సమస్య చెప్పండి.

• కెపాసిటర్: సింగిల్ ఫేజ్ మోటార్ల ప్యానెల్ బోర్డులో కెపాసిటర్లు ఉంటాయి. మనవాళ్లు కండెన్సర్ అని కూడా అంటారు. అది బలహీనపడినా మోటార్ గుయ్‌మంటూ ఆగిపోతుంది. దీన్ని మార్చడానికి మోటార్‌ను తీయక్కర్లేదు. కొత్త మోటార్ ధరతో పోలిస్తే ఇది చాలా చిన్న ఖర్చు.

• కేబుల్, జాయింట్లు: బోరులో వేలాడే కేబుల్ పైపుకు రాసుకుని కోసుకుపోయినా, జాయింటులోకి నీరు దిగినా ఎంసీబీ పడిపోతుంది. మోటార్ లోపల అంతా బాగానే ఉండొచ్చు.

• నీటి మట్టం: మోటార్ మామూలుగా తిరుగుతూ, కాసేపు నీళ్లు పోసి ఆగిపోతుంటే బోరులోనే నీరు తగ్గి ఉండొచ్చు. అప్పుడు కొత్త మోటార్ వేసినా లాభం లేదు. కొత్త బోరు వేయించాలనుకుంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాల్టా చట్టం కింద ముందుగా అనుమతి తీసుకోవాలి.

ఒక జాగ్రత్త. ఎంసీబీ ఆపేసినా కెపాసిటర్‌లో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. ప్యానెల్ మూత తీసి మీరే చేయి పెట్టకండి.

పైకి తీశాక ఏం చూడాలి?

బోరు మోటార్ అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి రెండు భాగాలు. కింద ఉండేది మోటార్. అందులో వైండింగ్, బేరింగులు, బుష్‌లు ఉంటాయి. పైన ఉండేది పంపు. అందులో ఒకదానిపై ఒకటి పేర్చిన ఇంపెల్లర్లు నీటిని పైకి నెడతాయి. రెండింటినీ కలిపేది కప్లింగ్.

ఏ భాగం పోయిందన్నదాన్ని బట్టి నిర్ణయం మారుతుంది. కప్లింగ్ అరిగినా, పైపుకు చిల్లు పడినా ఆ ఒక్కదాన్ని మార్చి మళ్లీ దించొచ్చు. వైండింగ్ మాత్రమే కాలి, ఇంపెల్లర్లు బాగుంటే రీవైండింగ్ గురించి ఆలోచించొచ్చు. వైండింగ్ కాలడంతోపాటు షాఫ్ట్ అరిగిపోయి, ఇసుక తిని ఇంపెల్లర్లు కూడా పాడైతే రిపేరు పేరుతో సగం మోటార్ కొత్తగా కొంటున్నట్టే లెక్క.

మెకానిక్‌ను అడగాల్సిన ఇంకో ప్రశ్న: ‘ఎందుకు కాలింది?’ బోరు మోటార్‌ను చల్లబరిచేది చుట్టూ ఉండే నీరే. నీరు లేకుండా తిరిగితే బుష్‌లు, వైండింగ్ వేడెక్కి కాలిపోతాయి. లో వోల్టేజీ, ఒక ఫేజ్ పోవడం, ఇసుకతో పంపు బిగుసుకుపోవడం కూడా కారణాలే. కారణం అలాగే ఉంటే రీవైండింగ్ చేసినదైనా, కొత్తదైనా మళ్లీ కాలుతుంది.

లెక్క ఎలా వేయాలి?

ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి తీసుకున్న అంకెలే, మార్కెట్ ధరలు కావు. రీవైండింగ్‌కు రూ.6,000, కొత్త మోటార్‌కు రూ.18,000, ఎత్తి దించడానికి రూ.4,000 అనుకుందాం.

కొత్తది వేస్తే మొత్తం రూ.22,000. అది ఏడేళ్లు నడుస్తుందనుకుంటే ఏడాదికి సుమారు రూ.3,140 పడుతుంది. రీవైండింగ్ అయితే మొత్తం రూ.10,000. అది రెండేళ్లే నడిస్తే ఏడాదికి రూ.5,000. నాలుగేళ్లు నడిస్తే రూ.2,500.

అంటే ఈ ఇంట్లో తేల్చుకోవాల్సింది ఒక్కటే. రీవైండింగ్ చేసిన మోటార్ కనీసం మూడేళ్లకు పైగా నడుస్తుందా? నడుస్తుందనిపిస్తే రిపేరు మేలు, లేదంటే కొత్తది మేలు. మీ మెకానిక్ చెప్పిన ధరలతో ఇదే లెక్క వేసుకోండి.

బోరు ఎంత లోతుగా ఉంటే ఎత్తి దించే ఖర్చు అంత పెరుగుతుంది. అందుకే లోతైన బోరుకు ‘ప్రస్తుతానికి నడిపిద్దాం’ తరహా రిపేర్లు పనికిరావు. సంపు దగ్గర నేలపై ఉండే చిన్న మోనోబ్లాక్ మోటార్ సంగతి వేరు. నాలుగు బోల్టులు విప్పితే చేతికొస్తుంది. దానికి ఇంకో రిపేరు ప్రయత్నించినా పెద్దగా నష్టం లేదు.

కరెంటు ఖర్చునూ కలపండి. ఇంపెల్లర్లు అరిగితే మోటార్ తిరుగుతూనే ఉంటుంది కానీ నీరు తక్కువగా వస్తుంది. ఇంతకుముందు 40 నిమిషాల్లో నిండిన ట్యాంకు ఇప్పుడు 70 నిమిషాలు తీసుకుంటోందనుకోండి. మోటార్ 1.5 కిలోవాట్లు లాగుతుంటే రోజుకు ముప్పావు యూనిట్, నెలకు 22 యూనిట్లకు పైగా అదనం. యూనిట్ రూ.7 చొప్పున ఏడాదికి దాదాపు రూ.1,900. అలాంటి పంపులో వైండింగ్ మాత్రమే మార్చి దించితే ఈ ఖర్చు అలాగే కొనసాగుతుంది. అయితే నీటి మట్టం పడిపోయినా ట్యాంకు ఆలస్యంగా నిండుతుంది కాబట్టి ముందు అది చూసుకోవాలి.

రిపేరు ఎప్పుడు? కొత్తది ఎప్పుడు?

రిపేరువైపు మొగ్గాల్సిన సందర్భాలు ఇవీ...

• మోటార్ కొని ఎక్కువ కాలం కాలేదు, ఇదే మొదటి రిపేరు.
• పాడైంది ఒక్క భాగమే, మిగతావి బాగున్నాయని విప్పి చూపించారు.
• కాలడానికి కారణం తెలిసింది, దాన్ని సరిచేశారు.
• ఆ మోడల్ విడిభాగాలు దొరుకుతున్నాయి.

కొత్తదానివైపు మొగ్గాల్సిన సందర్భాలు ఇవీ...

• ఇప్పటికే ఒకటి రెండుసార్లు రీవైండింగ్ అయింది.
• షాఫ్ట్, ఇంపెల్లర్లు, వైండింగ్ అన్నీ ఒకేసారి పోయాయి.
• మోటార్ బాడీ తుప్పు పట్టి పగుళ్లిచ్చింది.
• నీటి మట్టం బాగా కిందికి పోయి, పాత పంపు అంత ఎత్తుకు నీరు నెట్టలేకపోతోంది.

రీవైండింగ్ చేయిస్తుంటే...

రాగి తీగతో చుడుతున్నారా, అల్యూమినియంతోనా అన్నది ముందే అడిగి బిల్లుపై రాయించుకోండి. తీగ మందం, చుట్లు పాతదానిలాగే ఉండాలి. కాలిన పాత రాగికి తుక్కు ధర వస్తుంది. దాన్ని మీకు తిరిగిస్తారా, బిల్లులో తగ్గిస్తారా అన్నది మాట్లాడుకోండి.

మోటార్‌లో నీరు నింపే రకం, ఆయిల్ నింపే రకం అని రెండున్నాయి. నీటి రకానికి ప్లాస్టిక్ పొర చుట్టిన తీగ వాడతారు, ఆయిల్ రకానికి ఎనామిల్ పూత తీగ. మీది ఏ రకమో తెలుసుకోండి. ఆయిల్ రకమైతే సీళ్లు కూడా చూపించమనండి. బోరు నీళ్లలో నూనె వాసన వస్తుంటే సీలు నుంచి కారుతోందేమోనని అనుమానించాలి. ఆ నీళ్లు తాగకండి.

దించే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్ష చేయించి రీడింగ్ మీ కళ్లతో చూడండి. 1 మెగా ఓమ్ కంటే తక్కువ చూపిస్తే దించనివ్వకండి. కేబుల్ జాయింటు వేశాక కూడా ఇదే పరీక్ష ఇంకోసారి చేయించాలి.

కొత్తది కొంటుంటే...

‘ఈసారి ఇంకో హెచ్‌పీ ఎక్కువ వేద్దాం’ అనే సలహా వెంటనే ఒప్పుకోకండి. బోరులో ఊరే నీటికంటే పంపు ఎక్కువ తోడితే బోరు త్వరగా ఖాళీ అవుతుంది, మోటార్ నీరు లేకుండా తిరిగి కాలుతుంది.

చూడాల్సింది హెడ్, అంటే నీటిని ఎంత ఎత్తుకు నెట్టాలన్నది. దీన్ని మోటార్ ఉన్న లోతు నుంచి కాదు, పంపు నడుస్తున్నప్పుడు బోరులో నీరు నిలిచే మట్టం నుంచి లెక్కేయాలి. మోటార్ 300 అడుగుల్లో ఉన్నా నీరు 200 అడుగుల దగ్గర నిలిచి, ట్యాంకు నేల నుంచి 40 అడుగుల ఎత్తులో ఉంటే మొత్తం 240 అడుగులు, అంటే దాదాపు 73 మీటర్లు. పైపుల్లో రాపిడికి కొంత కలపాలి. వేసవిలో మట్టం ఇంకా పడుతుంది కాబట్టి ఎండాకాలం లెక్కనే తీసుకోండి. నేమ్‌ప్లేట్‌పై ఉండే హెడ్ పరిధికి మధ్యలో మీ లెక్క పడేలా చూసుకోవాలి.

బోరు మోటార్లకు భారత ప్రమాణం ఐఎస్ 8034. సంపులు, బావుల్లో వేసే ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్‌కు ఐఎస్ 14220. నేలపై ఉండే మోనోసెట్ పంపులకు ఐఎస్ 9079. ఐఎస్ఐ గుర్తు కింద ఉండే లైసెన్స్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో తెలుస్తుంది.

వారంటీలో ఉంటే? మోసపోతే?

మోటార్ విప్పించే ముందు బిల్లు వెతకండి. వారంటీలో ఉన్న మోటార్‌ను బయటి షాపులో విప్పిస్తే కంపెనీ బాధ్యత తీసుకోనని అనొచ్చు. నీరు లేకుండా తిరగడం, లో వోల్టేజీ వల్ల కాలితే వారంటీ వర్తించదనే షరతు ఉందేమో కార్డులో చదవండి. ఎత్తి దించే ఖర్చు ఎవరిదన్నదీ చూడండి.

విడిభాగాలు, సర్వీస్ సెంటర్ల వివరాల కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చింది. మీ కంపెనీ అందులో ఉందో లేదో చూడొచ్చు.

బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. డబ్బు తీసుకుని చేసిన రిపేరులో లోపం ఉంటే అది సేవాలోపం కిందికి వస్తుంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. వస్తువు లేదా సేవకు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు.

అపార్ట్‌మెంట్‌లో అయితే...

మోటార్ అందరిదీ కాబట్టి గొడవ కూడా అందరిదీ అవుతుంది. కొన్న తేదీ, సీరియల్ నంబరు, ఎన్ని అడుగుల్లో దించారు, ఎప్పుడెప్పుడు ఏ రిపేరు చేశారు అన్నవి ఒక నోట్‌బుక్‌లో రాసి ఉంచితే ‘మొన్ననే కదా చేయించాం’ అనే వాదన ఉండదు. రెండు కొటేషన్లు తీసుకుని, ఏడాదికి ఎంత పడుతుందన్న లెక్కతో అసోసియేషన్ గ్రూపులో పెట్టండి. డ్రైరన్ ప్రొటెక్షన్, త్రీఫేజ్ అయితే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ప్యానెల్ ఖర్చునూ అదే కొటేషన్‌లో చేర్చండి.

మోటార్ బాగయ్యేదాకా హైదరాబాద్‌లో జలమండలి ట్యాంకర్ కోసం 155313కు ఫోన్ చేయొచ్చు. ఈలోగా నీళ్లు చాలడం లేదని నల్లా పైపుకు నేరుగా మోటార్ బిగించకండి. జలమండలి తనిఖీల్లో దొరికితే ఆ మోటార్‌ను కూడా తీసుకెళ్లిపోతారు.