అంజన్ గడ్డి

అంజన్ గడ్డి వర్షాధార ప్రాంతాల్లో పశువులకు మేతగా పనికివచ్చే బహువార్షిక గడ్డి. 1771లో లిన్నేయస్ దీనికి సెంక్రస్ సిలియారిస్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. రాజస్థాన్‌లో దీన్ని ధామన్ అనీ, ఇంగ్లీషులో బఫెల్ గ్రాస్ అనీ అంటారు. ఆఫ్రికా, అరేబియా, భారతదేశాల్లోని మెట్ట ప్రాంతాలు దీని జన్మస్థానం.

కరువును తట్టుకునే గుణం

దుబ్బు అడుగున కాండం మొదళ్లు ఉబ్బి ఉంటాయి. పిండిపదార్థాలు అక్కడే నిల్వ ఉంటాయి. వేర్లు 2 మీటర్లకు పైగా లోతుకు దిగుతాయి. వానలు వెనకబడి ఆకులు మాడిపోయినా మొదలు చావదు; నేల పదునెక్కగానే మళ్లీ పిలకలు వేస్తుంది. ఏటా 300–750 మిల్లీమీటర్ల వాన పడే తేలిక నేలలు దీనికి అనుకూలం. నీరు నిలిచే చోట బతకదు. ముదిరేకొద్దీ మాంసకృత్తులు తగ్గి పీచు పెరుగుతుంది కాబట్టి పూత దశ దాటకముందే కోయాలి.

విదేశాల్లో వ్యాప్తి

1870ల ప్రాంతంలో ఒంటెల జీనుల్లో కూరిన గడ్డితో పాటు దీని విత్తనం ఆస్ట్రేలియా చేరింది. తర్వాత పశుపోషకులు కావాలనే విత్తారు. క్వీన్స్‌లాండ్‌లో అడవులు నరికి లక్షల ఎకరాల్లో పెంచారు. కెన్యాలోని తుర్కానా ఎడారి నుంచి తెచ్చిన టి-4464 రకం 1940లలో అమెరికాలోని టెక్సస్‌కు, అక్కడినుంచి మెక్సికోకు పాకింది.

ఈ గడ్డి ఎక్కువగా ఫలదీకరణ లేకుండానే విత్తనం కడుతుంది. పిల్ల మొక్కలన్నీ తల్లి పోలికే కావడంతో మంచి రకం చెడదు, కానీ సంకరణకు దారి ఉండదు. టెక్సస్‌లో లైంగికంగా విత్తనం కట్టే మొక్క దొరికాకే ఆ దారి తెరుచుకుంది, ఇ.సి. బషా 1962లో ఈ సంగతి ప్రచురించాడు. ఒకే రకం విస్తరించడంలోని ముప్పు 1990లలో బయటపడింది: ఆకుమాడు తెగులు టెక్సస్ బీళ్లను దెబ్బతీసింది.

భారతదేశంలో

జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ, 1962లో ఝాన్సీలో ఏర్పడిన భారతీయ పచ్చిక బయళ్లు, పశుగ్రాస పరిశోధన సంస్థ దీనిపై కృషి చేశాయి. మార్వార్ అంజన్, బుందేల్ అంజన్-1 రకాలు ఆ కృషి ఫలితాలే. నూగు కప్పిన విత్తనం గాలికి ఎగిరిపోతుంది. అందుకే బంకమట్టి, పేడ, ఇసుక కలిపి గుళికలుగా చుట్టి తొలకరికి వేస్తారు. కోసిన వెంటనే విత్తనం సరిగా మొలవదు. కొన్ని నెలలు నిల్వ ఉంచాలి. నత్రజని తరిగితే ఏటికేడు దిగుబడి పడిపోతుంది కనుక స్టైలో వంటి పప్పుజాతి మేతతో కలిపి పెంచడం మేలు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం వంటి చోట్ల మెట్ట బీళ్లకు ఈ కలయిక సరిపోతుంది.

నష్టాలు

ఎండిన దుబ్బు తేలిగ్గా అంటుకుంటుంది, కాలినా మళ్లీ చిగురిస్తుంది. అమెరికా, మెక్సికోల్లో విస్తరించిన సొనోరన్ ఎడారిలో ఈ మంటలకు సాగువారో నాగజెముళ్లు బలవుతున్నాయి. ఆరిజోనా 2005లో, దక్షిణ ఆస్ట్రేలియా 2015లో దీన్ని కలుపుగా ప్రకటించాయి. ఇందులోని ఆక్సలేట్ల వల్ల ఇదే మేతగా పెరిగే గుర్రాలకు ఎముకల జబ్బు వస్తుంది.

మేత గడ్డి విలువను మంచి ఏడు వచ్చే టన్నులతోనే కాక, వాన తప్పిన ఏడు మిగిలే దుబ్బుతోనూ కొలవాలి. పుట్టిన నేలల్లో, పప్పుజాతి తోడుతో, మితంగా మేపినంతకాలం అంజన్ గడ్డి మెట్ట పశుపోషణకు నమ్మకమైన ఆధారం.