ఎర్రగడ్డ ఆస్పత్రి: హైదర్‌గూడ ఇళ్లలో తెలియాల్సిన సంగతులు

హైదర్‌గూడకు ఎర్రగడ్డ ఎంతో దూరం కాదు. నారాయణగూడలో మెట్రో ఎక్కి, ఎం.జి.బి.ఎస్.లో రైలు మారితే ఎర్రగడ్డ స్టేషన్‌లోనే దిగుతాం. అయినా ఇంట్లో ఒకరికి మనసు బాగోలేదంటే ఆ దారి పట్టడానికి ఏళ్ల తరబడి జంకే కుటుంబాలు మన వీధుల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ జంకు ఊరికే రాలేదు.

నిజాం కాలంలో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి మొదలైంది జైలు ఆవరణలో. తర్వాత అప్పటి హైదరాబాదు రాజ్యంలోని జాల్నాకు వెళ్లింది. 1953లో ఎర్రగడ్డకు వచ్చింది. చోట్లు మారాయి గానీ, దేశంలో చట్టం మాత్రం చాలాకాలం జైలు దగ్గరే ఉండిపోయింది. 1912 నాటి లూనసీ చట్టం కింద రోగిని మేజిస్ట్రేటు ఉత్తర్వుతో లోపలికి పంపేవారు. 1987లో కొత్త చట్టం చేసి 1993లో అమల్లోకి తెచ్చినా ఆ ఉత్తర్వు పోలేదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన చోట నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు కదల్లేక కాలిపోయారు.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసును పూర్తిగా నిషేధించింది. మత్తుమందు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయకూడదంది. బలవంతంగా గుండు చేయకూడదు. సొంత బట్టలు కట్టుకుంటానంటే కాదనకూడదు. ఇవి చిన్న విషయాలు కావు. జుట్టు తీసేసి, అందరికీ ఇచ్చే బట్టే తొడిగితే, అద్దంలో కనిపించే ఆడమనిషి ఎవరో ఆమెకే తెలియదు.

నా మటుకు అన్నిటికన్నా పెద్దది 19వ సెక్షన్. ఇంటివాళ్లు రానివ్వడం లేదనో, ఇల్లే లేదనో మనిషిని ఆస్పత్రిలోనే ఉంచెయ్యకూడదు. ప్రభుత్వమే బయట నీడ చూపాలి. నయమైనవారి పునరావాసం సంగతి చూడమని 2017లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకు చెప్పింది. ఆ నీడ ఇంకా చాలినంత లేదు. ఇది మనం గట్టిగా అడగాల్సిన బాకీ.

ఈలోగా ఇంట్లో చేయగల పని ఒకటుంది. ఇంట్లో బాధపడుతున్నవారి మనసు కుదుటగా ఉన్న రోజున పక్కన కూర్చుని, అవసరమైతే తన తరఫున ఎవరు మాట్లాడాలో అడగండి. తెల్లకాగితం మీద ఆ పేరు రాసి, సంతకమో వేలిముద్రో వేయించండి. ఆ పేరున్న మనిషి కూడా ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. అదే చట్టంలోని 14వ సెక్షన్ ఇచ్చిన హక్కు ఇది. ఏమీ తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.