ఓడ మీద గడిచిన క్రిస్మస్

దక్షిణ ఢిల్లీలోని సాకేత్‌కు ఉత్తరాన కొద్ది కిలోమీటర్ల దూరంలో ఆండ్రూస్ గంజ్ అనే కాలనీ ఉన్నది. ఉద్యోగరీత్యా ఈ ప్రాంతాలకు వచ్చి స్థిరపడిన తెలుగువారికి ఆ పేరు పరిచితమే అయినా, అది ‘దీనబంధు’ అని దేశం పిలుచుకున్న చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్ (1871-1940) పేరనీ, ఆయన చేసిన మేలు సముద్రాలు దాటిపోయిన తెలుగు కూలీలకు కూడా అందిందనీ ఊళ్లలో ఉన్న తమవారికి చెప్పేవారు తక్కువ.

ఢిల్లీ క్రైస్తవ చరిత్రలో సేవకు ముఖ్యమైన పునాది 1877లో పడింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చదివిన ఆంగ్లికన్ గురువులు, అంటే ఇంగ్లండు దేశీయ సంఘానికి చెందిన పాదిరీలు, ఆ ఏడాది ఇక్కడ ఒక మిషన్ స్థాపించి, 1881లో సెయింట్ స్టీఫెన్స్ కళాశాలను తెరిచారు. స్త్రీలకు, పిల్లలకు వైద్యం అందించేందుకు అదే పేరుతో 1885లో ఆసుపత్రి కూడా వెలసింది. ఆ పేరుగల స్టీఫెన్, అంటే స్తెఫను, తొలి క్రైస్తవ హతసాక్షి మాత్రమే కాదు, యెరూషలేములో విధవరాండ్రకు అనుదినం ఆహారం పంచే పనికి ఎంపికైన ఏడుగురిలో ఒకడు. సంఘ పంచాంగంలో ఆయన స్మారక దినం క్రిస్మస్ మరునాడే, డిసెంబరు 26న వస్తుంది.

1904లో ఆ కళాశాలకు అధ్యాపకుడిగా వచ్చిన ఆండ్రూస్, ప్రిన్సిపాల్ పదవిలో ఆంగ్లేయుడే ఉండాలన్న ఆనాటి అలవాటును కాదని, బెంగాలీ క్రైస్తవుడైన సుశీల్ కుమార్ రుద్రాకే అది దక్కాలని పట్టుబట్టారు. 1906లో రుద్రా నియామకం జరిగింది. ఆండ్రూస్ ఆయన కింద సంతోషంగా పనిచేశారు. పాలకజాతికి చెందిన మనిషి స్వచ్ఛందంగా వెనక్కు తగ్గడం ఆ కాలంలో ఎంత అరుదో తలచుకుంటే, డబ్బు దానం కన్నా ఇదే పెద్ద త్యాగమనిపిస్తుంది.

అయితే తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన ఘట్టం 1913 నాటిది. అయిదేళ్లు ఒకే యజమాని వద్ద పనిచేస్తామని వేలిముద్ర వేయించుకుని కూలీలను పంపే పద్ధతిని జనం ‘గిరిమిట్’ అనేవారు. 1860లో మద్రాసు నుంచి తొలి ఓడ వెళ్లింది మొదలు 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు లక్షా యాభై వేలకు పైగా భారతీయులు ఇలా చేరారు, వారిలో మూడింట రెండు వంతులమంది మద్రాసు రేవు నుంచి వెళ్లిన తమిళులు, తెలుగువారే. గడువు ముగిసినా తిరిగి రాక, మళ్లీ గిరిమిట్‌కు ఒప్పుకోక అక్కడే ఉండిపోయినవారి మీద ఏటా వేసిన మూడు పౌండ్ల పన్నును ఎదిరించి గాంధీజీ నాయకత్వంలో వారు సమ్మెకు దిగినప్పుడు, కాంగ్రెస్ నాయకుడు గోఖలే చేపట్టిన సహాయనిధికి ఆండ్రూస్ తాను దాచుకున్న సొమ్మంతా ఇచ్చివేసి, మిత్రుడు పియర్సన్‌తో కలిసి తానే బయలుదేరారు. ఆ సంవత్సరం ఆయనకు క్రిస్మస్ నడిసముద్రంలో ఓడ మీదనే గడిచింది. 1914 జనవరి మొదట్లో డర్బన్ రేవులో దిగి, అందరి ఎదుట గాంధీజీ పాదాలకు నమస్కరించారు. అది అక్కడి తెల్లవారికి ఆగ్రహం తెప్పించింది. మూడు పౌండ్ల పన్ను ఆ ఏడాదే రద్దయింది.

ఆ పైన 1915లో ఆయన, పియర్సన్ ఫిజీకి వెళ్లారు. అక్కడి చెరకు తోటల్లో దక్షిణ భారతదేశం నుంచి 1903 తరువాత వెళ్లిన సుమారు పదిహేను వేలమందిలో తెలుగువారూ ఉన్నారు. కూలీలు ఉండే లైను ఇళ్ల, అంటే వరుస గదుల, దుస్థితిని వివరిస్తూ వారిద్దరూ రాసిన నివేదిక దేశాన్ని కదిలించగా, 1917లో కూలీల ఎగుమతి నిలిచిపోయి, ఫిజీలో మిగిలిన ఒప్పందాలన్నీ 1920 జనవరి 1తో రద్దయ్యాయి. ఆకలిగొన్నవానికి, పరదేశికి చేసినది తనకే చేసినట్లని మత్తయి సువార్త 25వ అధ్యాయంలో క్రీస్తు చెప్పిన మాటను ఆండ్రూస్ ఉపమానంగా కాక ఆజ్ఞగా తీసుకున్నారు. అందుకే ఆయన ఆనందం పండుగ భోజనం వద్ద ఆగలేదు.

తెలుగు సంఘాలు ఈ డిసెంబరులో కొత్త బట్టలతో పాటు, ఊరు విడిచి వచ్చి తమ వీధిలో ఇటుకలు మోస్తున్న కుటుంబాలను కూడా తలచుకోవాలి. పిల్లలకు ఆండ్రూస్ కథ చెప్పాలి.