గరుడ మండలములోని చంచల తేజస్సు: జీఆర్ఎస్ 1915+105 ఎక్స్-కిరణ స్పందనములు

శ్రావణ భాద్రపదములలో మబ్బు విడిచిన రాత్రి, తొమ్మిది పది గంటల నడుమ, రాజన్న సిరిసిల్ల జిల్లా ముస్తాబాద్‌లో తల యెత్తి చూచువారికి గరుడ మండలము ఇంచుమించు నడినెత్తిననే కానవచ్చును. అందలి ఉజ్జ్వల తార శ్రవణము. దానికి పడమరగా సుమారు తొమ్మిది డిగ్రీల దూరమున, కంటికి ఏమియు తోపని చోట, జీఆర్ఎస్ 1915+105 అను యుగళ తారావ్యవస్థ యున్నది. 1992 ఆగస్టు 15న గ్రానాట్ ఉపగ్రహముపై నున్న వాచ్ అను పరికరము దీనిని కనిపెట్టినది. మనకును దానికిని నడుమ పరచుకొన్న ఆకాశగంగ ధూళి దాని దృశ్యకాంతిని హరించివేయుచుండగా, ఆ ధూళిని దాటి వచ్చిన ఎక్స్-కిరణములను మన వాయుమండలము అడ్డగించుచున్నది. సూర్యునికి ఇంచుమించు 12 రెట్ల ద్రవ్యరాశి గల కృష్ణబిలమొకటి, సూర్యునికన్న చల్లనై ఉబ్బిన తార యొకటి, 33.85 దినముల కొకసారి పరస్పరము చుట్టివచ్చుచున్న ఈ జంట మనకు దాదాపు 28,000 కాంతి సంవత్సరముల దూరములో నున్నది.

ఈ జంటనుండి వచ్చు ఎక్స్-కిరణములు క్షణక్షణమును మారుచుండును. ఆ చాంచల్యము ప్రధానముగా కొలిచి చూపునది కృష్ణబిలము చుట్టు తిరుగు ద్రవ్యచక్రపు లోపలి అంచు ననియు, బిలమును గూర్చి మనము చేయు నిర్ణయములన్నియు ఆ అంచు గుండానే నడచి రావలసి యున్న వనియు ఈ వ్యాసమున నా ప్రతిపాదన. ఆ కొలతలలో ముఖ్యమైనవి కొన్ని శ్రీహరికోటనుండి ఎగసిన పరికరములు చేసినవి. వాటికి పూరకమైన పరిశీలన యొకటి ఉస్మానియా విశ్వవిద్యాలయమున జరిగినది.

కాలముతో పరిమాణమును కొలుచు పద్ధతిని ముందు చెప్పవలెను. 12 సూర్యుల ద్రవ్యరాశి గల కృష్ణబిలము, భ్రమణము లేనిదైనచో, దాని ఘటనా దిగంతపు, అనగా లోనికి పోయినది మరల వెలికి రాలేని హద్దు యొక్క, వ్యాసార్ధము సుమారు 36 కిలోమీటర్లు. ఇరువది యెనిమిది వేల కాంతి సంవత్సరముల ఆవల అంతటి వస్తువును చిత్రముగా చూడగల దూరదర్శిని ఏదియు లేదు. అయినను ఒక తేజస్సు సెకండులో వెయ్యవ వంతు కాలమున పెరిగి తరిగినచో, అది వెలువడిన ప్రదేశము ఆ కాలములో కాంతి పయనించు 300 కిలోమీటర్లకు మించి యుండజాలదు. ఏలయన, ఒక కొసన జరిగిన మార్పు రెండవ కొసకు తెలియకముందే ఆ ప్రదేశమంతయు ఒక్కటిగా మారుట అసంభవము. 1970 డిసెంబరులో ప్రయోగింపబడిన ఉహురు ఉపగ్రహము హంస మండలములోని సిగ్నస్ ఎక్స్-1 తేజస్సు సెకండు లోపుననే మారుటను చూపినప్పుడు, అది సామాన్య తార కాదనుటకు మొదటి గట్టి ఆధారము ఈ తర్కమునుండియే లభించినది.

ముస్తాబాద్‌కు నూరు మైళ్ల లోపుననున్న హైదరాబాదునుండి టాటా మౌలిక పరిశోధన సంస్థవారు 1960ల చివరి సంవత్సరములనుండి బెలూన్లపై ఎక్స్-కిరణ పరికరములను పంపుచు వచ్చిరి. గాలి మిక్కిలి పలుచనైన ఎత్తులలో కొన్ని గంటలపాటు తేలుచు, అవి అధికశక్తి గల కిరణములను మాత్రమే పట్టగలిగెను. ఎడతెగని పరిశీలనకు ఉపగ్రహమే శరణ్యమైనది.

1996 మార్చి 21న శ్రీహరికోటనుండి పీఎస్ఎల్వీ-డీ3 వాహనము ఐఆర్ఎస్-పీ3 ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. భూమిని పరిశీలించుటకై నిర్మింపబడిన ఆ ఉపగ్రహముపై ఎక్స్-కిరణములను లెక్కించు మూడు ప్రపోర్షనల్ కౌంటర్లును, ఆకాశమును కాపు కాయు పరికరమొకటియు అమర్చబడినవి. ఒక్కొక్క కౌంటరు వైశాల్యము సుమారు 400 చదరపు సెంటీమీటర్లు, అనగా ఒక గజము పొడవు గల బల్లకన్న ఎంతయో చిన్నది. ధ్రువముల మీదుగా పోవు కక్ష్యయందు విద్యుదావేశ కణముల తాకిడి విపరీతము గనుక, దినమునకు పధ్నాలుగు ప్రదక్షిణములలో కొన్నిటియందు మాత్రమే పరిశీలన సాధ్యమయ్యెను. ఈ పరిమితులతోనే ఆ పరికరము సాధించిన ఫలితములు మన దేశపు అంతరిక్ష విజ్ఞానమున ఇంకను తగినంత గౌరవము పొందలేదని నా అభిప్రాయము. 1996 జులైలో జీఆర్ఎస్ 1915+105 తేజస్సున సెకండుకు 0.62 మొదలు 0.82 వరకు ఆవర్తప్రాయ స్పందనములు కనబడినవి. 1997 జూనులో అంతకన్న విచిత్రమైన దృశ్యము గోచరించెను: తేజస్సు మెల్లమెల్లగా మొదలై, పోనుపోను వేగము హెచ్చుచు శిఖరమునకు ఎక్కి, అక్కడినుండి ఒక్క గీత గీచినట్లు నిలువుగా పడిపోయి, మరల మొదటినుండి ఎక్కసాగెను. పతనము ముగియు వేళ కిరణములలో అధికశక్తి గలవాని పాలు మిక్కిలి హెచ్చుగా నుండెను.

బి. పాల్, పి.సి. అగర్వాల్, ఎ.ఆర్. రావు, కె. కస్తూరిరంగన్ ప్రభృతులు ఈ నిలువు పతనమును వ్యాఖ్యానించుచు, చక్రపు లోపలి ద్రవ్యము ఘటనా దిగంతములోనికి పోయి అదృశ్యమగుటకు ఇది నిదర్శనము కావచ్చునని 1998లో ప్రతిపాదించిరి. సాహసమైన ప్రతిపాదనయే యైనను, కావచ్చునను మాటను వారు విడువకుండుట గమనింపదగినది. బెల్లోని ప్రభృతులు ఇట్టి ఉత్థాన పతనములను చక్రపు లోపలి భాగము ఖాళీయై మరల నిండుటగా 1997లోనే వివరించియుండిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 9న మిరాబెల్ బృందము ఎక్స్-కిరణముల పతనము వెనువెంట పరారుణ, రేడియో తరంగముల ఉజ్జ్వలనమును చూచి, ద్రవ్యములో కొంత బయటకు చిమ్మబడుచున్నదని నిరూపించెను. ఖాళీయైన చోటి ద్రవ్యము లోనికి పోయెనో, బయటికి పోయెనో పతనపు ఆకృతి మాత్రముచే తేల్చుట సాధ్యము కాదు. లోపలి అంచు వెనుకకు జరిగినదను అంశము ఈ వివరణలన్నిటికిని ఉమ్మడి. నిశ్చయముగా చెప్పదగినది అంతవరకే.

ఉస్మానియా పరిశీలన ఇచ్చట ప్రస్తావ్యము. నవాబు జాఫర్ జంగ్ 1901లో స్వంత ధనముతో నెలకొల్పిన నిజామియా వేధశాల 1919లో ఆ విశ్వవిద్యాలయమునకు చేరగా, 1959లో ఖగోళశాస్త్ర విభాగము ఏర్పడినది. ఆ విభాగమునకు చెందిన కె. శ్రీరామ్, ఎ.ఆర్. రావు మున్నగువారితో కలసి, 2007లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో ప్రకటించిన వ్యాసమున, మన ఆకాశగంగలోని ఇట్టి కృష్ణబిల జంటలను గూర్చిన అమెరికా వారి ఆర్ఎక్స్‌టీఈ ఉపగ్రహ దత్తాంశములను తరచి చూచిరి. అల్పశక్తి కిరణములు పెరిగినప్పుడు అధికశక్తి కిరణములు తరుగుటయు, ఆ తరుగుదల వందల సెకండ్లు ఆలస్యముగా వచ్చుటయు వారు కనుగొనిరి. కాంతికి గాని, కక్ష్యాభ్రమణమునకు గాని అంతటి ఆలస్యము అవసరము లేదు. ద్రవ్యము ఘర్షణచే మెల్లగా లోపలికి జారుటకే అంత కాలము పట్టును. కావున చక్రము బిలము వరకు వ్యాపింపక కొంత దూరముననే తెగియున్న దనియు, ఆ తెగిన అంచు ముందు వెనుకలకు జరుగుచున్న దనియు వారు నిర్ణయించిరి. శ్రీహరికోట పరికరము కొన్ని పదుల సెకండ్లలో చూచిన కథనే వీరు దీర్ఘకాలమున చూచిరని నేను భావింతును.

వేగవంతమైన స్పందనములను పట్టు విధానమునకు సిరిసిల్లవారికి ఉదాహరణము వెదకనక్కరలేదు. వందల మరమగ్గములు ఆడుచున్న కార్ఖానాలో తన మగ్గపు లయ ఏ మాత్రము మారినను అనుభవజ్ఞుడైన నేతకాడు వెంటనే పట్టుకొనును. అట్లే గణితము కిరణముల గలిబిలిలోనుండి ప్రతి లయను వేరుపరచి, దేనికి ఎంత బలమున్నదో చూపును. ఈ రీతిగా 1997లో మోర్గాన్, రెమిలార్డ్, గ్రైనర్ సెకండుకు 67 సార్లు వచ్చు స్పందనమును కనుగొనిరి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని ల్యాక్స్‌పీసీ పరికరము ప్రతి కిరణపు రాకను సెకండులో లక్షవ వంతు వరకు గుర్తింపగలదు. అది ఈ లయ 67 నుండి 72 వరకు మారుచున్నదని చూపెను.

12 సూర్యుల భారము గల భ్రమణరహిత బిలము చుట్టు స్థిరముగా తిరుగగల లోపలి కడపటి కక్ష్యయందు ద్రవ్యము సెకండుకు సుమారు 180 సార్లు తిరుగును. బిలము తానును ద్రవ్యము తిరుగు దిశలోనే తిరుగుచున్నచో ఆ సంఖ్య ఇంకను హెచ్చును. 67 గాని, 72 గాని ఆ మేరను అందుకొనుట లేదు. ఆ లయ కక్ష్యాభ్రమణమే యైనచో అది పుట్టు చోటు కడపటి కక్ష్యకు సుమారు రెండింతల దూరములో నుండవలెను. లేదా అది కక్ష్యాతలపు ఊగులాట వంటి వేరొక చలనమై యుండవలెను. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చుటకు, ఆ స్పందనమున అధికశక్తి, అల్పశక్తి కిరణములలో ఏవి ముందు వచ్చుచున్నవో, ఎంత ముందు వచ్చుచున్నవో విడివిడిగా మరింత నిశితముగా కొలువవలసి యున్నది. 2018 తర్వాత ఆ జంట తేజస్సు మిక్కిలి తగ్గియున్నది గనుక, అంతకు ముందు ఆస్ట్రోశాట్ భద్రపరచిన దత్తాంశములందే ప్రస్తుతము ఆ కొలత సాగవలెను.